ముప్పై ఆరు పళ్ళ ఆర్చీ

ఆర్చీ పర్వెస్ అబద్ధం ఆడడని మా లోయలో అందరూ అంటారు. నేనూ అంటాను. కాకపోతే ఈమధ్య అన్నాక ఒక్క క్షణం ఆగుతున్నాను.

వంతెన పక్కన ఉన్న సైకిల్ షాపులో గల్లా దగ్గర కూర్చునేది నేను. వెనక గదిలో చేతులు నల్లగా చేసుకునేది ఆర్చీ. ఎడిన్‌బరా నుంచి నేనిక్కడికి వచ్చి పందొమ్మిదేళ్ళయినా ఇంకా నన్ను ‘కొత్తగా వచ్చినావిడ’ అనే అంటారు. ఆర్చీ ఇక్కడే పుట్టాడు. అరవై నాలుగేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ఉన్ని మిల్లులో మగ్గాలు బాగుచేశాడు. మిల్లు మూసేశాక ఆ భవనంలో, కొండల మీద సైకిళ్ళు తొక్కడానికి శనాదివారాలు వచ్చేవాళ్ళ కోసం గదులు కట్టారు. ఏ గోడ పక్కన తను ఇరవై రెండేళ్ళు నిలబడ్డాడో ఆ గోడ పక్కన ఇప్పుడు ఎవరో స్నానం చేస్తారని ఆర్చీ నవ్వుతూనే చెబుతాడు. మిల్లు పోయిన వారానికే మా షాపులో చేరాడు.

మా లోయలో కొండ సైకిలు లేని ఇల్లు లేదు. గొర్రెలు కాసేవాడికీ ఉంది, చర్చి పాస్టరుకీ ఉంది. కొండ నిండా ఫిర్ చెట్లు, చెట్ల మధ్య సన్నటి బాటలు, బాటల నిండా తడి వేళ్ళు, రాళ్ళు. ఇలాంటి చోట సైకిలు చైన్‌వీల్‌కి, అంటే పెడళ్ళ దగ్గర చైన్‌ని తిప్పే చక్రానికి, ఎన్ని పళ్ళుండాలన్నది మామూలు ప్రశ్న కాదు, దానికోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళున్నాయి. పళ్ళు ఎక్కువుంటే చదునులో బండి రయ్యిన పోతుంది, ఎక్కుడులో ప్రాణం తీస్తుంది. తక్కువుంటే ఎక్కుడు సుఖం, చదునులో మాత్రం కాళ్ళు గిరగిరా తిరుగుతాయే గాని బండి పోదు. ఆ చక్రానికి బయటివైపు గుండ్రటి గార్డు ఒకటి బిగించుకోకపోతే ఏదో ఒకరోజు రాయి కొట్టుకుని పళ్ళు విరుగుతాయి.

ఈ విషయాల్లో ఆర్చీ మాటే మాట. ఊళ్ళోంచి కొత్త సైకిలు వేసుకుని ఎవరైనా వచ్చి ముప్పై ఆరు పళ్ళది కావాలంటే, ఆయన మొదట చక్రం వైపు కాదు, మనిషి వైపు చూసేవాడు.

“పొద్దున్నే ఏం తిన్నావు బాబూ?”

“కాఫీ తాగానండీ.”

“కాఫీకి ఇరవై ఎనిమిది. ఓట్స్ జావ తాగొస్తే ముప్పై. ముప్పై ఆరు తొక్కాలంటే లోపల రెండు గుండెకాయలుండాలి, ఉన్నాయా?”

“లేవండీ.”

“మరింకేం? ఇరవై ఎనిమిది వేసుకో, దానికో గార్డు వేసుకో. చక్రం చిన్నదైతే చైన్ కూడా నాలుగు లింకులు కత్తిరించాలి, వదిలేస్తే వేలాడి వేలాడి ఎక్కడో పడిపోతుంది. ఇలా ఇవ్వు, నేనే చేస్తా.”

వచ్చినవాడు దండం పెట్టినంత పని చేసి వెళ్ళేవాడు. వాడు వంతెన దాటాక ఆర్చీ చేతులు తుడుచుకుంటూ నాతో అనేవాడు: “ఇంకో సాసరు అమ్మాం.” ఇరవై ఎనిమిది పళ్ళ చక్రానికి ఆయన పెట్టిన పేరది. టీ కప్పు కింద పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఆయన అభిప్రాయం. ఆయన సొంత సైకిలుకి మాత్రం ముప్పై ఆరు పళ్ళు, గార్డు లేదు. ఒకప్పుడు కార్బీ కొండ పందెంలో దానిమీదే గెలిచాడట. ఊరందరికీ పథ్యం చెప్పి తను మాత్రం ఊరగాయ నంజుకునే వైద్యుడి లాంటివాడు.

గురువారం సాయంత్రాలు మేం కొంతమందిమి కార్బీ కొండ ఎక్కుతాం. వేసవిలో మాకు రాత్రి పదింటిదాకా వెలుతురుంటుంది. ఆ జట్టు ఆర్చీది. నియమం కూడా ఆయన పెట్టిందే: ఎక్కుడులో కాలు కింద పెట్టకూడదు. వరసగా మూడు గురువారాలు కాలు పెట్టినవాళ్ళు ఇక మంగళవారం జట్టులోకి వెళ్ళిపోవాలి. మంగళవారం వాళ్ళు పొద్దున్నే ఏటి ఒడ్డున చదును బాటలో మూడు మైళ్ళు తొక్కి, ఆ చివర ఉన్న తోట హోటల్లో పప్పు సూపు తాగి వస్తారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆర్చీ ‘మంగళవారం’ అనే మాటని ఆస్పత్రి పేరు పలికినట్టు పలికేవాడు.

నిజం చెప్పాలంటే ఆ నియమం మాలో ఎవ్వరం పాటించలేదు. ఆర్చీ ఎప్పుడూ అందరికంటే ముందుండేవాడు, వెనక మా కాళ్ళు ఎక్కడున్నాయో ఆయనకి కనపడేది కాదు. పాస్టరు మలుపు అని ఒకటుంది, నిట్టనిలువు. అక్కడ నేను దిగి నడవని గురువారాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నడిచి, పైకి చేరేముందు మళ్ళీ ఎక్కి, రొప్పుతూ వెళ్ళేదాన్ని. “కాలు పెట్టలేదుగా?” అని ఆర్చీ అడిగితే “లేదు లేదు” అనేదాన్ని. అందరం అంతే.

పాటించినవాడు ఒక్కడే, నినియన్ హాగ్. మిల్లులో రంగులద్దే పని చేసేవాడు. మగ్గాల ఆర్చీ, రంగుల నినియన్, చిన్నప్పటినుంచీ ఒకరినొకరు విడవని జంట. ఎనిమిదేళ్ళ కిందట నినియన్‌కి ఆయాసం మొదలైంది. వరసగా మూడు గురువారాలు పాస్టరు మలుపులో కాలు పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా పైకొచ్చి మూడుసార్లూ తనే చెప్పాడు. అంత నిజాయితీ అవసరమా అని మాకు చెడ్డ చిరాకేసింది. ఆర్చీ అందరివైపూ చూసి, “నియమం నియమమేరా” అన్నాడు. నినియన్ సరేనని సైకిలు తిప్పుకుని కిందకి వెళ్ళిపోయాడు. మర్నాడు షాపుకొస్తే అతని సైకిలుకి ఇరవై ఎనిమిది పళ్ళ చక్రం బిగించింది ఆర్చీయే. “ఇదిగో నీ సాసరు, సూపు ఒలక్కుండా తాగు” అన్నాడు, పదిమంది ముందు. మేం నవ్వాం. నేను కూడా నవ్వాను.

అప్పట్నించీ వీధిలో ఎదురైతే ఇద్దరూ తల ఊపుకోవడమే. మాటల్లేవు.

మొన్న జూన్ మొదటి గురువారం ఆర్చీ పాస్టరు మలుపులో కాలు కింద పెట్టాడు. మేం వెనకే ఉన్నాం. అందరం ఒకేసారి ఆకాశంలో ఏదో పక్షిని చూశాం. ఆయనే పైకొచ్చాక, “ఒకటి” అన్నాడు. రెండో గురువారం అదే చోట మళ్ళీ పెట్టాడు. ముఖం కందగడ్డ అయిపోయింది. “రెండు” అన్నాడు. పోస్టు బట్వాడా చేసే కట్రియోనా మా జట్టులో అందరికంటే చిన్నది, “ఏం రెండు ఆర్చీ? గాలి ఎదురు కొట్టింది, అది లెక్కలోకి రాదు” అంది.

“గాలికి నియమం లేదమ్మా, నాకుంది” అన్నాడాయన.

గురువారం పోతే ఆర్చీకి ఏం పోతుందో మాకు తెలుసు. మిల్లులో మగ్గం ఆగితే నాలుగు వందలమంది ఆయన కోసం చూసేవారు. షాపుకొచ్చేవాళ్ళు పని కాగానే వెళ్ళిపోతారు. ఇప్పుడు ఆయన ఒక మాట చెబితే ఆగి వినేది వారానికి ఆ రెండు గంటలు, మేం ఆరుగురం మాత్రమే. అది కూడా పోతే ఇక ఇంట్లో భార్య నెటా, ఆవిడ కుట్టుపని, గోడగడియారం. నెటా మంచి మనిషే గానీ ఆయన మాట ఆగి వినే రకం కాదు.

చిన్న చక్రం వేసుకుంటే పాస్టరు మలుపు ఆయనకి ఒక లెక్క కాదు. వందమందికి చెప్పిన మందే. షాపులో డబ్బా నిండా ఉన్నాయి కూడా. కానీ షాపులో తీసుకుంటే నాకు తెలుస్తుంది, నాకు తెలిస్తే భోజనాల వేళకి ఊరికి తెలుస్తుంది. ఈ సంగతి నేను ఒప్పుకుంటాను. బయటినుంచి తెప్పించుకుందామంటే తెచ్చి ఇచ్చేది కట్రియోనా. ఆ పిల్ల కవరు పైనుంచి వేళ్ళతో తడిమి ఎన్ని పళ్ళో చెప్పగలదు. ఇంకెక్కడ దొరుకుతుందా అని ఆర్చీ లోయంతా తలలో వెతుక్కున్నాడు. కడుపులో మాట బయటికి రానివ్వని మనిషి, ఇరవై ఎనిమిది పళ్ళ చక్రం ఉన్న మనిషి మొత్తం లోయలో ఒక్కడే తేలాడు. తను వెళ్ళగొట్టినవాడే.

సోమవారం ఆర్చీ నినియన్ షెడ్డు తలుపు తట్టాడు. ఇదీ, దీని తర్వాత నినియన్ దగ్గర జరిగిందీ తర్వాత ఆర్చీయే నాకు చెప్పాడు.

“నినియన్.”

“ఊఁ.”

“ఇరవై ఎనిమిది ఒకటి కావాల్రా. నీ దగ్గర ఉంటుందేమోనని.”

“ఎవరికి?”

“ఒక కస్టమర్‌కి.”

“షాపులో లేవా?”

“అయిపోయాయి.”

నినియన్ ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. “పాపం. ఏమైందట ఆ కస్టమర్‌కి? మోకాళ్ళా?”

“మోకాళ్ళు బానే ఉన్నాయి. ఊపిరే అందట్లేదు.”

“అయ్యో. అదొస్తే కష్టమే, నాకు తెలుసు” అని నినియన్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పది నిమిషాలు లోపల ఏదో టకటకలాడింది. నాలుగు వందల మగ్గాల మధ్య ఏ నట్టు వదులైందో విని చెప్పిన చెవి ఆర్చీది. ఆ రోజు మాత్రం ఆ చెవి ఏమీ వినదలుచుకోలేదు. నినియన్ బయటికొచ్చి గుడ్డలో చుట్టిన చక్రం చేతిలో పెట్టాడు.

“మూల ఉంది ఒకటి. పని అయ్యాక ఇద్దువుగాని, తొందరేం లేదు.”

ఆ సాయంత్రమే ఆర్చీ షాపులో అందరి ఎదుటా నా దగ్గరికొచ్చి పెద్ద సైజు గార్డు ఒకటి కొన్నాడు.

“మీరా? గార్డా?”

“ఏం? పెద్దవాళ్ళం మనం పాటించకపోతే కుర్రకారు పాటిస్తారా? ఆదర్శంగా ఉండాలమ్మా.”

ఆ గార్డు సరిగ్గా ముప్పై ఆరు పళ్ళ చక్రం అంత ఉంటుంది. దాని వెనక ఎంత చిన్న చక్రం ఉన్నా పక్కనుంచి చూస్తే కనపడదు. ఇనుము రాతికి తగలకుండా కాపాడటానికి పుట్టిన వస్తువు అది. ఆర్చీ దానికి ఇంకో ఉద్యోగం ఇచ్చాడు.

సైకిలుని వంటింట్లో బల్లమీద పడుకోబెట్టాడని నెటా చెప్పింది. పెద్ద చక్రం విప్పి, లోపలి వరసలో చిన్నది బిగించి, బయటి వరసలో గార్డు పెట్టాడు. మధ్యలో ముప్పై ఆరు కూర్చునే చోటు ఖాళీగా మిగిలింది. నెటా టీ కలుపుతూ చూసింది. నలభై ఏళ్ళుగా వింటున్న మనిషి గనక ఆవిడకీ చైన్ సంగతి తెలుసు.

“ఏవయ్యా, చైన్ కత్తిరించవా? ఊడిన కుట్టుదారంలా వేలాడుతోంది.”

“అక్కర్లేదు.”

“వచ్చినవాళ్ళందరికీ నువ్వే చెబుతావు గదా, నాలుగు లింకులని?”

“ఈ ఒక్క గురువారమేనే. మళ్ళీ పాతదే వేస్తాను, అప్పుడు ఎక్కణ్ణించి తెస్తాను ఆ నాలుగూ?”

లింకులు అతికించడం ఆయనకి కళ్ళు మూసుకుని చేసే పని. కత్తిరిస్తే మాత్రం ముప్పై ఆరు ఇక తిరిగి రాదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని కత్తిరించలేదు. మా లోయలో ఎంత గొప్ప మెకానిక్ అయినా తన సైకిలు దగ్గరకి వచ్చేసరికి ఇలాగే బుద్ధి గడ్డి తింటుంది.

మంగళవారం వానలో నినియన్ షాపు ముందునుంచి కాలినడకన వెళుతూ కనిపించాడు. హెల్మెట్ లేదు, సైకిలు లేదు, గొడుగుంది. ఏమిటో అనుకుని మర్చిపోయాను.

మూడో గురువారం వచ్చింది. కొండ మొదలయ్యేదాకా అర మైలు చదును రోడ్డు. ఆర్చీ కాళ్ళు కుట్టుమిషన్ సూదిలా ఆడుతున్నాయి, బండి మాత్రం నెమ్మదిగా కదులుతోంది. నూరు గజాలు కూడా పోకముందే మాకందరికీ అర్థమైపోయింది. కట్రియోనా నావైపు చూసింది. నేను హ్యాండిల్ వైపు చూసుకున్నాను.

“నా సైకిల్లో ఏదో చప్పుడొస్తోంది, కాస్త మెల్లగా పోదామా?” అంది కట్రియోనా. దాని సైకిల్లో ఏ చప్పుడూ లేదు. అందరం మెల్లగా పోయాం.

పాస్టరు మలుపు ఆయన కూర్చునే ఎక్కేశాడు. పైన గాలిలో నిలబడి మాకోసం ఎదురుచూస్తూ, పదేళ్ళు తగ్గినవాడిలా ఉన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. “గార్డు వేశాక బండికి కొంచెం బరువొచ్చింది గానీ పర్లేదు” అన్నాడు. ఎవ్వరం నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి ఒకాయన బూట్ల తాళ్ళు మూడుసార్లు కట్టుకున్నాడు.

దిగుడులో చెట్ల వేళ్ళ మీదుగా బాట. సైకిలు ఎగిరెగిరి పడుతుంది. ముందునుంచి చైన్ టపటపా కొట్టుకునే చప్పుడు వస్తూనే ఉంది. ఒక్కసారిగా కర్రున చప్పుడై ఆర్చీ ఆగిపోయాడు. పొడుగు చైన్ చిన్న చక్రం మీదనుంచి ఎగిరి, చక్రానికీ గార్డుకీ మధ్య, పాత చక్రం కూర్చునే ఆ ఖాళీలో పడి ఇరుక్కుపోయింది. పెడల్ ఇటు తిరగదు, అటు తిరగదు.

అది తీయాలంటే నాలుగు బోల్టులు విప్పి గార్డు తీయాలి. రెండు నిమిషాల పని. కట్రియోనా అలవాటుగా జేబులోంచి అల్లెన్ కీ తీసి వంగింది.

“ముట్టుకోకు.”

“ఒక్క నిమిషం ఆర్చీ, గార్డు తీస్తే...”

“ముట్టుకోకన్నానా! నా సైకిలు, నేను చూసుకుంటా. మీరు పొండి.”

“ఇంకా మూడు మైళ్ళుంది.”

“నడుస్తా. నడవడం నేరమా?”

అందరం నిలబడిపోయాం. మిడ్జీ దోమలు మొహాల మీద ముసురుతున్నా ఎవరూ చెయ్యి ఎత్తలేదు. లోపలి చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో ఆ వేలాడే చైనే చెబుతూ ఉంది, గార్డు తీయాల్సిన పనే లేదు. మాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా రెండు చేతులతో ఆ గార్డుని కప్పి పట్టుకుని నిలబడ్డాడు. “మేమందరం ప్రతివారం కాళ్ళు కింద పెడుతూనే ఉన్నాం ఆర్చీ” అని నేను ఒక్కమాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. ఎనిమిదేళ్ళ అబద్ధం కదా, బయటికి రాలేదు. సరే అని మేం వెళ్ళిపోయాం. కింద పబ్బులో కూర్చుని ఎదురుచూశాం గానీ ఆయన అక్కడికి రాలేదు. ఆ రోజు నాకు ఆయన మీద కంటే నామీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఆర్చీ ఏటి పక్క వెనకదారిన, ఎవరికీ కనపడకుండా, నడిపించుకుంటూ నినియన్ షెడ్డుకి వెళ్ళాడు. అక్కడైతే గార్డు విప్పొచ్చు. తలుపు తీసే ఉంది. ఎండ ఇంకా ఉంది. నినియన్ గుమ్మంలో స్టూలేసుకుని ఉల్లినారు కట్టలు కడుతున్నాడు. వెనక గోడకి అతని సైకిలు తగిలించి ఉంది. దాని చైన్ కొక్కేనికి చుట్టి ఉంది. చైన్‌వీల్ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఆర్చీ చాలాసేపు దానివైపు చూశాడు.

“మూల ఉందన్నావు.”

“ఆ మూలే.”

“మంగళవారం ఎలా వెళ్ళావురా?”

“నడిచి. వెళ్ళేసరికి వాళ్ళు తినేసి లేస్తున్నారు. ఫర్లేదులే.”

“ముందే చెప్పి ఉండొచ్చు గదా, నీదని?”

“చెబితే తీసుకునేవాడివా?” నినియన్ నారు కట్ట పక్కన పెట్టాడు. “నువ్వు తీసుకోకపోతే గురువారం కాలు పెట్టేవాడివి. పెడితే మంగళవారం మామీద పడేవాడివి. ఎనిమిదేళ్ళుగా మేం హాయిగా సూపు తాగుతున్నాం, ఎవరూ లెక్కపెట్టకుండా.”

ఆర్చీకి కోపం రావాల్సింది. రాలేదు. ఏడుపొచ్చిందట. ఇది ఆయనే నాతో చెప్పాడు, చెప్పి వెంటనే షాపు వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆయన నినియన్ పనిముట్లే తీసుకుని నాలుగు బోల్టులూ విప్పాడు. గార్డు పక్కన పడేశాడు. చిన్న చక్రం తీసి, తుడిచి, గోడమీది సైకిలు దింపి దానికి బిగించాడు. చైన్ ఎక్కించి పెడల్ తిప్పి చూశాడు. చప్పుడు లేకుండా తిరిగింది.

“అప్పుడు అలా అనకుండా ఉండాల్సిందిరా. సాసరని.”

“అనకుండా ఉండాల్సింది” అన్నాడు నినియన్.

ఆర్చీ చేతులు తుడుచుకున్నాడు.

“మంగళవారం ఎన్నింటికి బయల్దేరతారు?”

“పదింటికి. ఆలస్యమైతే ఆగం.”

“నియమమా?”

“నియమం లేదు, పాడూ లేదు. సూపు చల్లారిపోతుంది.”

మంగళవారం నేను తొమ్మిదిన్నరకి షాపు తెరుస్తుంటే వంతెన దగ్గర ఆర్చీ కనిపించాడు. ఇంకా ఎవరూ రాలేదు. గార్డు లేని, మళ్ళీ ముప్పై ఆరు పళ్ళ సైకిలు పట్టుకుని, రెండు కాళ్ళూ నేలమీద ఆనించి, ఏటివైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.